స్నేర్ తీగ వదిలేస్తే: అభిమానులు తిట్టుకున్న రాక్ ఆల్బమ్‌ల గురించి

(విశాఖపట్నం సిరిపురం దగ్గర ఒక చిన్న హాల్లో చేసిన ప్రసంగం. వక్త వృత్తిరీత్యా సౌండ్ ఇంజనీరు. రికార్డింగు విని రాసింది. మాట తీరు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారమండీ. వెనక వరసకి వినబడుతోందా? వినబడకపోతే మొహమాటపడకండి, చెయ్యెత్తండి. సౌండువాడు మాట్లాడిన చోట సౌండు బాగోలేదంటే రేపట్నుంచి ఊళ్ళో ఎవడూ పిలవడు నన్ను. (నవ్వులు)

నన్ను పిలిచినవాళ్ళు "రాక్ చరిత్రలో పది చెత్త ఆల్బమ్‌లు" గురించి మాట్లాడమన్నారు. పది వద్దన్నాను. పది పేర్లు చదివేసి కూర్చోడానికి నేనెందుకు, ఫోన్లో దొరుకుతాయి. పైగా చెత్త ఆల్బమ్ మీద ఎవరికీ కోపం రాదు. ఊరూ పేరూ లేని బ్యాండు నాసిరకం పాటలు చేస్తే ఎవరికి పట్టింది? తిట్లు పడేది పెద్దవాళ్ళకే. ముందు వచ్చిన ఆల్బమ్‌ని నెత్తిన పెట్టుకున్నవాడే కొత్తది విని చిందులేస్తాడు. జగదాంబ సెంటర్లో బెనిఫిట్ షో వదిలాక ఒకసారి బయట నిలబడి చూడండి. "పోయిందిరా" అని తల పట్టుకుని మెట్ల మీద కూలబడేవాడు అవతలి హీరో ఫ్యాన్ కాడు, ఈ హీరో ఫ్యానే.

అందుకని ఈ సాయంత్రం నేను తిట్లనే చూస్తాను. ఏ తిట్టు నిలబడింది, ఏ తిట్టు కొన్నాళ్ళకి వెనక్కి తీసుకోవాల్సొచ్చింది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు కొట్టినా సరే. సౌండు బాగోలేదనీ, పాట సాగదీశారనీ ఫ్యాన్స్ తిట్టినప్పుడు దాదాపు ప్రతిసారీ వాళ్ళదే రైటు. "మా బ్యాండు మారిపోయింది" అని తిట్టినప్పుడు మాత్రం చాలాసార్లు తొందరపడ్డారు.

అమెరికా మెటల్ బ్యాండు మెటాలికాతోనే మొదలెడదాం, ఎలాగూ సగం మంది ఆ టీషర్టులే వేసుకొచ్చారు. 2003 జూన్‌లో "సెయింట్ యాంగర్" వచ్చింది. ఆ ఆల్బమ్ చేసేనాటికి వాళ్ళ కొంప తగలబడుతోంది. 2001 జనవరిలో బేసిస్టు జేసన్ న్యూస్టెడ్ మానేశాడు. అదే ఏడాది గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ తాగుడు మానడానికి చికిత్సకి వెళ్ళిపోయాడు, నెలల తరబడి పని ఆగిపోయింది. తిరిగొచ్చాక మధ్యాహ్నం 12 నుంచి 4 వరకే పని అన్నాడు. బేసు వాయించే మనిషి లేక ప్రొడ్యూసరు బాబ్ రాక్ తనే వాయించాడు. లోపలి తగువులు తీర్చడానికి ఒక కౌన్సిలర్‌ని పెట్టుకున్నారు, ఆయనకి నెలకి 40,000 డాలర్లు. ఇదంతా కెమెరాల ముందే జరిగింది, 2004లో డాక్యుమెంటరీగా కూడా వచ్చింది. ఆల్బమ్ కంటే ఆ డాక్యుమెంటరీయే బాగుంటుందనేవాళ్ళు ఉన్నారు, నేనూ ఆ బ్యాచే.

ఇంత రామాయణం జరిగితే, ఫ్యాన్స్ కోపం మాత్రం వచ్చి ఒక డ్రమ్ము మీద పడింది. ఇదిగో, దీని మీద.

(బల్ల మీదున్న స్నేర్ డ్రమ్ము చేతిలోకి తీసుకుని)

14 అంగుళాల స్నేర్. పైన ఒక స్కిన్, కింద ఒక స్కిన్. కింది స్కిన్‌కి ఆనుకుని తీగలున్నాయి చూశారా? మెలితిప్పిన స్టీలు తీగలు, మామూలుగా ఇరవై దాకా ఉంటాయి. పైన పుల్లతో కొడితే లోపలి గాలి కింది స్కిన్‌ని అదురుస్తుంది, ఆ అదురుకి ఈ తీగలు టపటపా కొట్టుకుంటాయి. రాక్ పాటలో మనకి వినిపించే ఆ "ఛట్" అదే. పక్కన చిన్న లీవరుంది. లేపితే తీగలు స్కిన్‌కి బిగుస్తాయి, దించితే వేలాడతాయి.

(వాయించి) ఇది తీగలతో. (లీవరు దించి, మళ్ళీ వాయించి) ఇది తీగలు లేకుండా. విన్నారా? ఛట్ పోయి టంగ్ వచ్చింది. ఇంకోసారి వినండి. (వాయించి) మొదటిది పుట్టిన చోటే ఆగిపోయింది. ఇది మోగుతూ ఉంది, పైగా దీనికొక శృతి కూడా ఉంది. గిటార్లొక శృతిలో, ఈ టంగ్ ఇంకో శృతిలో నడిస్తే ప్రతి దెబ్బా చెవిలో గీసుకుపోతుంది. ఆ ఆల్బమ్‌లో గిటార్లని బాగా కిందికి దించారు, ఎక్కువ పాటలు డ్రాప్ సి అనే మంద్ర శృతిలో ఉంటాయి. అవి ఎక్కడో అడుగున గురగురలాడుతుంటే పైన మిగిలిన ఖాళీ అంతా ఈ టంగ్‌దే. అలా 75 నిమిషాలు.

మెటాలికా డ్రమ్మరు లార్స్ ఉల్రిక్ చెప్పిందేమిటంటే, ఒకరోజు తీగలు బిగించడం మర్చిపోయాడట, రికార్డు చేసింది విని చూస్తే నచ్చిందట, ఇంక అలాగే ఉంచేశాడట. తర్వాత ఎంతమంది అడిగినా ఆ నిర్ణయాన్ని సమర్థించుకుంటూనే వచ్చాడు. సరే, డ్రమ్ము ఆయనది. నేను పెళ్ళి రిసెప్షన్‌కి సౌండు చేస్తున్నప్పుడు ఎవరైనా డ్రమ్మరు ఇలా వదిలేసి కూచుంటే మాత్రం వెళ్ళి లీవరు లేపేసి వస్తాను, అడగను కూడా. (నవ్వులు)

2015లో కొందరు అభిమానులు ఏం చేశారో తెలుసా? ఆ ఆల్బమ్ మొత్తాన్నీ మామూలు స్నేర్ సౌండుతో తామే మళ్ళీ వాయించి, పాడి, రికార్డు చేసి పెట్టారు. పాటల మీద కోపం ఉన్నవాడు ఆ పని చెయ్యడు. పాటలు బాగానే ఉన్నాయి, పాడు చేశారన్నదే వాళ్ళ కడుపుమంట. తిట్టు అంటే అలా ఉండాలి, ఎక్కడ పోయిందో వేలెట్టి చూపించేలా.

గిటారు సోలోలు లేకపోవడం ఇంకో గొడవ. డాక్యుమెంటరీలో గిటారిస్టు కిర్క్ హామెట్ పాపం గట్టిగానే వాదిస్తాడు, సోలో లేకుండా వదిలేస్తే ఇది ఫలానా కాలంలో చేసిన పాటని ముద్ర పడిపోతుందని. అప్పట్లో సోలో మానెయ్యడమే ఫ్యాషన్. ఆయన మాట నెగ్గలేదు. ఇప్పుడు విన్నవాళ్ళెవరైనా ఏ సంవత్సరం పాటో చెప్పేస్తారు. ఆ టైటిల్ పాటకే 2004లో గ్రామీ ఇచ్చారు, బెస్ట్ మెటల్ పెర్ఫార్మెన్స్ అని. అవార్డు కమిటీల చెవుల గురించి నేనేం మాట్లాడను.

తర్వాత 2008లో "డెత్ మ్యాగ్నెటిక్". పాటలు పాత దారికి వచ్చాయి, సోలోలు వచ్చాయి, స్నేర్‌కి తీగలొచ్చాయి. ఫ్యాన్స్ కొన్నారు, పండగ చేసుకున్నారు, వారం తిరక్కుండా మళ్ళీ లొల్లి. ఈసారి ఏమిటి? చెవులు నొప్పెడుతున్నాయని. ఇది నా వృత్తి విషయం కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

డిజిటల్ సౌండుకి ఒక పైకప్పుంటుంది, సున్నా డెసిబెల్ అంటాం. దాన్ని దాటి శబ్దం వెళ్ళలేదు. పాటలో మెల్లటి చోట్లుంటాయి, గట్టి చోట్లుంటాయి. పక్క బ్యాండు కంటే మనది గట్టిగా వినబడాలని మెల్లటి చోట్లని కూడా పైకి తోస్తే, అప్పటికే గట్టిగా ఉన్నవి కప్పుకి కొట్టుకుని నలిగిపోతాయి. కంప్యూటర్ తెర మీద మామూలు పాట కొండలూ లోయలుగా కనబడుతుంది; ఇది ఇటుక గోడలా ఉంటుంది. పప్పులో, పులుసులో, ఆఖరికి పెరుగులో కూడా ఒకే కారం వేసి వడ్డించినట్టు. మొదటి ముద్దకి బాగానే ఉంటుంది.

ఇక్కడ ఫ్యాన్స్‌కి ఒక అదృష్టం కలిసొచ్చింది. అదే ఆల్బమ్ "గిటార్ హీరో" అనే వీడియో గేమ్‌కి కూడా ఇచ్చారు. గేమ్‌కి గిటారు, డ్రమ్స్, గొంతు విడివిడిగా కావాలి కాబట్టి ఆ నలగ్గొట్టడం జరగకముందు ట్రాకులు వెళ్ళాయి. పిల్లలు గేమ్‌లో విన్నారు, సీడీలో విన్నారు, పక్కపక్కన పెట్టి చూశారు. గేమ్‌లోనే బాగుంది! వేల మంది సంతకాలు పెట్టి మళ్ళీ మిక్స్ చెయ్యమని, అంటే విడివిడి ట్రాకుల్ని మళ్ళీ కొత్తగా కలపమని అడిగారు. మాస్టరింగ్, అంటే విడుదలకి ముందు ఆఖరిసారి సౌండు సరిచూసే పని, చేసిన టెడ్ జెన్సన్ మీద పడ్డారు కూడా. మిక్స్ తన దగ్గరికి వచ్చేసరికే అలా ఉందని ఆయన చెప్పుకోవాల్సొచ్చింది. మా వృత్తిలో "లౌడ్‌నెస్ వార్" అని ఎప్పట్నుంచో మేం గొణుక్కుంటున్న విషయం, గేమ్ ఆడుకునే పిల్లల వల్ల పేపర్లకెక్కింది. ఆ పిల్లలకి నేను ఇప్పటికీ దండం పెడతాను.

ఇక సాగదీత. 1997 ఆగస్టు 21న బ్రిటన్ బ్యాండు ఒయాసిస్ "బీ హియర్ నౌ" వచ్చింది. ఒక్క రోజులో బ్రిటన్‌లో నాలుగు లక్షల పైన అమ్ముడైంది, జనం పొద్దున్నే క్యూలు కట్టారు. పత్రికలు ఆకాశానికెత్తేశాయి. ఎందుకెత్తాయో కూడా చెప్పాలి. 1995లో వాళ్ళ ముందు ఆల్బమ్ వచ్చినప్పుడు విమర్శకులు పెదవి విరిచారు, అది దేశాన్నే ఊపేసింది. మళ్ళీ నవ్వులపాలు కాకూడదని ఈసారి వినకముందే మార్కులు వేసేశారు. కొన్నాళ్ళకి ఇంట్లో కూర్చుని రెండోసారి వింటే అసలు సంగతి తెలిసింది. ఒకదాని మీద ఒకటి పేర్చిన గిటార్లు, అయిపోయిందనుకున్నాక మళ్ళీ మొదలయ్యే పల్లవులు, ఒక పాటైతే 9 నిమిషాలు దాటుతుంది. సెకండ్ హ్యాండ్ షాపుల్లో ఆ సీడీలు గుట్టలు పడ్డాయి. ఆ పాటలు రాసిన గిటారిస్టు నోయెల్ గాలగరే తర్వాత దాన్ని ఏకిపారేశాడు. 2016లో మళ్ళీ విడుదల చేసేటప్పుడు మొత్తం రీమిక్స్ చేద్దామని కూర్చుని, ఒక్క పాట చేసి, నావల్ల కాదని లేచిపోయాడు.

అసలు 90ల్లో ఈ సాగదీత రోగం ఎలా వచ్చిందంటే, సీడీ వల్ల. ఎల్‌పీ రికార్డుకి ఒక వైపు ఇరవై, ఇరవైరెండు నిమిషాలు. రెండు వైపులా కలిపి నలభై చిల్లర. ఇంక పెంచితే గాడులు సన్నబడి సౌండు చచ్చిపోతుంది. అందుకని చచ్చినట్టు ఏ పాట ఉంచాలి, ఏది తీసెయ్యాలి అని కూర్చుని కొట్టుకునేవాళ్ళు. సీడీ వచ్చాక దాదాపు 80 నిమిషాలు చోటు దొరికింది. చోటుంది కదాని నింపేశారు. మెటాలికా "లోడ్" 1996లో వచ్చింది, 78 నిమిషాల 59 సెకన్లు. చివరి పాట "ది ఔట్‌లా టార్న్" పట్టక ఒక నిమిషం కోసి ఇరికించారు.

విశాఖలో ఈ విషయంలో మనకో రక్షణ కవచం ఉండేది. ఇక్కడ నాతో పాటు నలభై దాటిన వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఒరిజినల్ ఇంగ్లీషు క్యాసెట్టు వంద రూపాయలు దాటి ఉండేది, విద్యార్థి జేబుకి అందేది కాదు. షిప్పుల్లో పనిచేసేవాళ్ళు సింగపూర్ నుంచి సీడీ తెచ్చేవాళ్ళు. నేవీ క్వార్టర్స్‌లో ఎవరింట్లోనో ఒకటుండేది. అది చేతులు మారి మారి రికార్డింగ్ షాపుకి చేరేది. మనం ఖాళీ క్యాసెట్టు తీసుకెళ్ళి ఇస్తే సాయంత్రానికి ఎక్కించి ఇచ్చేవాడు, వెనక అట్ట మీద బాల్ పెన్నుతో పాటల పేర్లు, సగం స్పెల్లింగులు తప్పు. మన క్యాసెట్టేమో 60 నిమిషాలది. 79 నిమిషాల ఆల్బమ్ పట్టదు. అప్పుడు షాపువాడు ఏం చేసేవాడు? తనకి నచ్చని పాటలు తీసేసేవాడు! ఇంగ్లీషు ముక్క రానివాడు, రోజంతా ఘంటసాల, ఇళయరాజా ఎక్కించేవాడు, హెడ్‌ఫోన్ పెట్టుకుని విని "ఇది వద్దులే బాబూ, పస లేదు" అని నాలుగు పాటలు కోసేసేవాడు. ఆ కోసిన "లోడ్" విన్నవాళ్ళకి అది మంచి ఆల్బమే. అమెరికాలో ఫ్యాన్స్ ఎందుకంత గింజుకుంటున్నారో మాలో చాలామందికి అర్థం కాలేదు. ప్రొడ్యూసరు చెయ్యాల్సిన పని ద్వారకానగర్‌లో షాపువాడు చేసిపెట్టాడు.

"లోడ్" దగ్గరికి ఎలాగూ వచ్చాం కాబట్టి రెండో రకం కోపం, "మా బ్యాండు మారిపోయింది" అనేదాని సంగతి చూద్దాం. 1991 "బ్లాక్ ఆల్బమ్" తర్వాత ఐదేళ్ళు ఎదురుచూశారు జనం. 1996 జూన్‌లో కొత్తది చేతికొచ్చింది. పాట వినకముందే గొడవ మొదలు. జుట్లు కత్తిరించుకున్నారు! ఫోటోల్లో కళ్ళకి కాటుక! పాత లోగో మార్చేశారు! కవరు బొమ్మ దేంతో వేసిందో ఇక్కడ చెప్పను, పెద్దవాళ్ళున్నారు, ఇంటికెళ్ళి చూసుకోండి. (నవ్వులు) సింహాచలం వెళ్ళి నలుగురూ గుండ్లు కొట్టించుకొచ్చినా అంత గోల జరిగుండేది కాదు.

ఆ గోలలో ఎవరికీ పట్టనిదొకటి చెబుతాను. హెట్‌ఫీల్డ్ తల్లిదండ్రులు క్రిస్టియన్ సైన్స్ అనే మత శాఖకి చెందినవాళ్ళు, మందులు వాడరు. తల్లికి క్యాన్సర్ వచ్చింది, వైద్యం లేకుండానే పోయింది, అప్పటికి అతనికి 16 ఏళ్ళు. "లోడ్"లో మొదటి సింగిల్, అంటే విడిగా విడుదల చేసిన పాట, "అంటిల్ ఇట్ స్లీప్స్" ఆ జబ్బు గురించే. "మామా సెడ్" తల్లి గురించి, దాదాపు కంట్రీ పాటలా ఉంటుంది. అప్పటిదాకా ఎక్కువగా యుద్ధం, చావు, పిచ్చాసుపత్రి గురించి అరిచిన గొంతు ఇక్కడ ఇంట్లో సంగతి పాడింది. దానికి వేగం అక్కర్లేదు, అందుకే తగ్గించాడు. ఫ్యాన్స్ ఆ తగ్గింపుని "అమ్ముడుపోయారు" అన్నారు. నేను "లోడ్" మొత్తాన్ని నెత్తినెట్టుకోను, అందులో నింపుడు పాటలున్నాయి, మన షాపువాడు కోసినవి ఎక్కువ అవే. కానీ మారినందుకు తిట్టడం వేరు, నింపినందుకు తిట్టడం వేరు.

లింకిన్ పార్క్ ఇంతకంటే బాధాకరమైన కథ. 2000లో "హైబ్రిడ్ థియరీ". మన ఇంజనీరింగ్ హాస్టళ్ళలో ఇంకే ఇంగ్లీషు పాటా ఎరగని కుర్రాడి ఫోన్లో కూడా ఆ బ్యాండు పాట ఒకటుండేది. ఆ తర్వాత వాళ్ళు ఏం చేసినా అదే గొడ్డలి పెట్టు: "హైబ్రిడ్ థియరీలా లేదు". 2010లో "ఎ థౌజండ్ సన్స్" వచ్చింది. ఆ పేరెక్కడిదో ఈ హాల్లో చాలామంది నాకన్నా బాగా చెబుతారు. విశ్వరూప సందర్శన యోగం, "దివి సూర్యసహస్రస్య భవేద్యుగపదుత్థితా". ఆకాశంలో వెయ్యి సూర్యులు ఒక్కసారి ఉదయిస్తే. అణుబాంబు చేసిన ఓపెన్‌హైమర్ గీతని తల్చుకున్న మాటలు, ఆయన గొంతుతోనే, ఆల్బమ్‌లో ఒకచోట వినిపిస్తాయి. మొత్తం ఆల్బమ్ అణుయుద్ధ భయం మీద అల్లింది. గిటార్లు తగ్గి కీబోర్డులు, డప్పులు ఎక్కువయ్యాయని ఫ్యాన్స్ రెండుగా చీలిపోయారు. వినడం రాకపోతే విశ్వరూపం చూపించినా "పాత రూపమే బాగుంది" అంటాడు, అర్జునుడే అన్నాడు కదా! (నవ్వులు, చప్పట్లు) ఆయనకి భయమేసి అన్నాడనుకోండి, అది వేరే.

2017 మే నెలలో "వన్ మోర్ లైట్". ఈసారి పాప్ పాటలు రాసేవాళ్ళతో కలిసి చేశారు, అరుపులు దాదాపు లేవు. అమెరికాలో మొదటి స్థానంలోకి వెళ్ళింది, అయినా ఫ్యాన్స్ మండిపడ్డారు. డబ్బు కోసం చేశారన్న మాటకి గాయకుడు చెస్టర్ బెన్నింగ్టన్ ఇంటర్వ్యూల్లో బాగా రగిలిపోయాడు. రెండు నెలలకే, జులై 20న, ఆత్మహత్య చేసుకుని చనిపోయాడు. ఆ తర్వాత అదే ఆల్బమ్‌ని తిట్టినవాళ్ళే కళ్ళనీళ్ళతో విన్నారు. నేనిక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. ఫ్యాన్స్ తిట్లకీ ఆయన చావుకీ ముడిపెట్టకూడదు, అది అన్యాయం. మనిషి పోయాడు కాబట్టి ఆల్బమ్ గొప్పదైపోయిందనడం కూడా తప్పే. కొన్ని పాటలు నాకిప్పటికీ పలచగానే అనిపిస్తాయి. టైటిల్ పాట సంగతి వేరు. రికార్డు కంపెనీలో తమకి ఆప్తురాలైన ఒకామె పోతే రాసిన పాట అది. అందులో మాటలు మే నెలలోనూ అవే, జులైలోనూ అవే. మేలో జనం అరుపెప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ విన్నారు, మాట చెవిన పడలేదు. అంతే.

ఈ రెండు రకాల్లోనూ ఇమడనిది ఐరన్ మెయిడెన్. 1993లో ఆ బ్యాండు గాయకుడు బ్రూస్ డికిన్సన్ వెళ్ళిపోయాడు, బ్లేజ్ బేలీ వచ్చాడు. 1995లో ఒకటి, 1998లో "వర్చువల్ ఇలెవెన్" అని ఒకటి. బ్లేజ్‌ది మంద్రమైన గొంతు, బ్రూస్ పాటలు తారస్థాయివి. కచేరీల్లో ఆ పాటలే అతనిచేత పాడించారు. ఎలా కుదురుతుంది? దానికి తోడు రెండో ఆల్బమ్‌లో పది నిమిషాల దగ్గరున్న పాటొకటి, ఒకే పల్లవి ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టడం ఫ్యాన్స్‌కి కాలక్షేపం. తిట్లన్నీ బ్లేజ్ తిన్నాడు. కానీ అదే ఆల్బమ్‌లో "ది క్లాన్స్‌మన్" ఉంది. 1999లో బ్రూస్ తిరిగొచ్చాక ఆ పాట తను పాడితే స్టేడియాలు ఊగిపోయాయి. 2018 టూర్‌లో కూడా పాడారు. అంటే పాట బాగానే ఉంది, పాడినవాడూ చెడ్డవాడు కాడు, ఒకరికొకరు సరిపడలేదు. 2007లో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెయిడెన్ వాయించినప్పుడు ఇక్కణ్ణుంచి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్ళిన బ్యాచ్‌లు నాకు తెలుసు. అందులో సగం మందికి బ్లేజ్ పేరెత్తితే ఇప్పటికీ ఒళ్ళుమంట. ఆయన మీద జాలిపడేవాళ్ళ జట్టులో నన్ను వేసుకోండి.

మిగిలినవి గబగబా. గన్స్ ఎన్ రోజెస్ "చైనీస్ డెమోక్రసీ", 1993 తర్వాత 15 ఏళ్ళకి, 2008లో వచ్చింది. ఖర్చు 1.3 కోట్ల డాలర్లు దాటిందని పేపర్లు రాశాయి. ఒక గిటారిస్టు కోసం స్టూడియోలో కోళ్ళగూడు కట్టించారు, నిజం. ఆ ఏడాది ఆల్బమ్ నిజంగా వస్తే అమెరికాలో దాదాపు అందరికీ తలో కూల్‌డ్రింకు ఉచితమని డాక్టర్ పెప్పర్ కంపెనీ వేళాకోళంగా పందెం కాసింది. వచ్చేసింది! ఇంతా చేసి వింటే, ఆల్బమ్ మరీ అంత చెడ్డది కాదు. 15 ఏళ్ళు ఎదురుచూసిన చెవికి ఏ పాటైనా ఆనుతుందా, అదీ దాని కర్మ. యూటూ బ్యాండు సంగతి ఇంకా విచిత్రం. 2014 సెప్టెంబరులో వాళ్ళ ఆల్బమ్‌ని యాపిల్ వాళ్ళు దాదాపు 50 కోట్ల ఐట్యూన్స్ ఖాతాల్లో అడక్కుండా పడేశారు. జనం వినకుండానే తిట్టారు. వారం తిరక్కుండా దాన్ని తుడిచేసుకోడానికి వేరే ఒక పేజీయే పెట్టాల్సొచ్చింది, వాళ్ళ గాయకుడు బోనో తర్వాత క్షమాపణ చెప్పాడు. పాటల గురించి ఎవరైనా మాట్లాడారా అంటే, గుర్తు లేదు నాకు.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి. మైకు ఇవ్వండి పెద్దాయనకి.

(శ్రోత: బాబూ, డబ్బు కోసం మారారు అనేదే కదా అసలు ఆరోపణ. అందులో నిజం లేదంటారా?)

కొన్నిసార్లు ఉంటుంది సార్, ఎందుకుండదు. కానీ ఫ్లీట్‌వుడ్ మ్యాక్‌ని చూడండి. 1977లో "రూమర్స్" ప్రపంచమంతా అమ్ముడుపోయింది. డబ్బే కావాలంటే అలాంటిదే ఇంకోటి చేస్తే చాలు. 1979లో పది లక్షల డాలర్ల పైన పెట్టి "టస్క్" అని డబుల్ ఆల్బమ్ చేశారు, కాలేజీ బ్యాండుమేళాన్ని తీసుకొచ్చి స్టేడియంలో వాయించి, వింత వింత ప్రయోగాలన్నీ పెట్టి. 40 లక్షలు అమ్మినా కంపెనీ దృష్టిలో ఫ్లాపే. అంటే డబ్బుకి ఆశపడకపోయినా తిట్లు తప్పలేదు. ఇప్పుడేమో దాన్నే గొప్పదంటున్నారు. వీజర్ "పింకర్టన్" కూడా అంతే, 1996లో రోలింగ్ స్టోన్ పత్రిక పాఠకులు ఆ ఏటి చెత్త ఆల్బమ్‌లలో ఒకటన్నారు, ఇవాళ దాన్ని పట్టుకుని ఏడ్చే తరం ఉంది.

(శ్రోత, విద్యార్థిని: సార్, ఇప్పుడు ఎవరూ ఆల్బమ్ మొత్తం వినరు. పది సెకన్లు నచ్చకపోతే తర్వాతి పాటకి వెళ్ళిపోతాం. ఇంక నిరాశపడటం ఎక్కడుంటుంది?)

మంచి మాటన్నావమ్మా. నిరాశ ఎక్కడికీ పోలేదు, రెండోసారి వినడం పోయింది. క్యాసెట్టులో నచ్చని పాట దాటించాలంటే ఫార్వర్డ్ నొక్కి, ఆపి, చూసి, మళ్ళీ నొక్కాలి. టేపు నలుగుతుంది, బ్యాటరీ అయిపోతుంది. దానికంటే వినెయ్యడమే సుఖం. అలా బద్ధకం కొద్దీ విన్న పాటలు ఎన్నో తర్వాత ఇష్టమైపోయాయి. మీ తరం మంచి ఆల్బమ్‌లని ఎక్కువ పోగొట్టుకుంటోందని నా అనుమానం. చెడ్డవాటి నుంచి మాత్రం మాకంటే తొందరగా తప్పించుకుంటున్నారు, అదొక్కటీ ఒప్పుకుంటాను.

(శ్రోత: అన్నా, లూ రీడ్ గురించి చెప్పలేదేం?)

అమెరికా రాక్ గాయకుడు లూ రీడ్ చేసిన "మెటల్ మెషిన్ మ్యూజిక్" గురించేనా? 1975, రెండు ఎల్‌పీల నిండా గిటారు ఫీడ్‌బ్యాక్ కీచులాట. పాట లేదు, మాట లేదు. ఆఖరి గాడి చుట్టూ మూసేశారు, ముల్లు మనం ఎత్తేదాకా ఆ గోల ఆగదు. మా వృత్తిలో ఫీడ్‌బ్యాక్ వస్తే పరిగెత్తుకెళ్ళి ఫేడర్ దించుతాం, ఆయన దాన్నే అమ్మాడు. అదే మనిషి 2011లో మెటాలికాతో కలిసి "లులు" చేశాడు, అదీ తిట్లు తింది. దాని గురించి మొదలెడితే హాలువాళ్ళు లైట్లు తీసేస్తారు.

ఇంక చాలు. "లోడ్"లో ఒక నిమిషం కోసేశారని చెప్పాను కదా, ఆ పాట పూర్తి నిడివితో తర్వాత 1997లో ఒక సింగిల్ వెనక వచ్చింది. 10 నిమిషాల 48 సెకన్లు. ఇప్పుడు పెడుతున్నాను. బస్సు పట్టుకోవాల్సిన వాళ్ళు ఇప్పుడే లేవండి, మధ్యలో లేస్తే ఈ ఇనప కుర్చీలు గీరుకుంటాయి. వెనక ఫ్యాను కట్టెయ్యండి ఎవరైనా.